బండెక్కితే హెల్మెట్: పిల్లలకు అలవాటు చేయడం ఎలా?

పొద్దున ఎనిమిదిన్నరకు ఏ బడి గేటు దగ్గరైనా పావుగంట నిలబడి చూడండి. స్కూటీ ముందు ఎల్‌కేజీ పిల్లాడు అద్దాల కడ్డీలు పట్టుకుని నిలబడి ఉంటాడు. వెనక సంచీతో అక్క కూర్చుని ఉంటుంది. హెల్మెట్ ఉంటే నడిపేవాళ్ల తలకే ఉంటుంది. “మరి పిల్లలకేదండీ?” అని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: “కొన్నామండీ, వాడు పెట్టుకోనంటాడు.”

ఆ మాట వెనక ఉన్నది చాలాసార్లు పిల్లాడి మొండితనం కాదు. ఎక్కడో నొక్కుతోంది. చెవి మడత పడుతోంది. ఒకసారి క్లిప్పులో గడ్డం కింద చర్మం ఇరుక్కుంది, ఆ నొప్పి వాడు మరిచిపోలేదు. లేదా సైజు పెద్దదై కళ్ల మీదికి జారుతోంది. ముందు హెల్మెట్ తలకు సరిపోవాలి, తర్వాత అలవాటు చేయాలి. వరస తిరగేసి ముందే బుజ్జగింపులూ బెదిరింపులూ మొదలుపెడితే ఆ హెల్మెట్ అటక ఎక్కడం ఖాయం.

ముందు ఇంట్లో పెద్దలకు నమ్మకం కుదరాలి

“ఈ సందు చివరికే కదా, నెమ్మదిగానే పోతాం కదా” అన్న ధీమాకు ఒక చిన్న లెక్క చూడండి. మీటరు ఎత్తున్న పిల్లాడు స్కూటర్ ఫుట్‌బోర్డు మీద నిలబడితే తల నేలకు దాదాపు 1.3 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బండి ఆగి ఉన్నా సరే, అక్కడి నుంచి పడితే తల నేలను తాకే సమయానికి వేగం గంటకు 18 కిలోమీటర్లు. బండి వేగం దీనికి అదనం. కాబట్టి నెమ్మదిగా నడపడం మంచిదే గానీ, అది హెల్మెట్‌కు బదులు కాదు.

పిల్లల ఒళ్లు కూడా వాళ్లకు అనుకూలంగా లేదు. పుట్టినప్పుడు తల ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది, పెద్దయ్యేసరికి ఎనిమిదో వంతు దరిదాపులకు వస్తుంది. అంటే చిన్నపిల్లల్లో ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ కండరాలు బలహీనం, పుర్రె ఎముక పలచన. పడ్డప్పుడు చేతులు అడ్డం పెట్టుకునే చురుకుదనం కూడా ఇంకా రాదు.

హెల్మెట్ కాపాడేది పై డొప్పతో మాత్రమే కాదు. అసలు పని లోపలున్న థర్మోకోల్ లాంటి గట్టి పొరది. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోతుంది. నలగడానికి పట్టే ఆ రెప్పపాటులో, రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, తల వేగం తగ్గుతుంది. అది లేకపోతే తల ఒక్కసారిగా ఆగిపోతుంది, లోపలి మెదడు మాత్రం ఆగక పుర్రె గోడకు కొట్టుకుంటుంది. మోటారు సైకిల్ ప్రమాదాల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన కొక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో హెల్మెట్ మరణ ముప్పును 42 శాతం, తల గాయాల ముప్పును 69 శాతం దాకా తగ్గిస్తుందని తేలింది.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌ను 2019లో సవరించాక, నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ, నడిపేవాళ్లయినా వెనక కూర్చున్నవాళ్లయినా, హెల్మెట్ పెట్టుకోవాల్సిందే. తలపాగా ధరించే సిక్కులకు మాత్రం మినహాయింపు ఉంది. ఉల్లంఘిస్తే 194డి కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు 2022 ఫిబ్రవరి 15న వేరే నిబంధన ప్రకటించారు, ఏడాది తర్వాత అది అమల్లోకి వచ్చింది. దాని వివరం కింద ఉంది.

1. టేపు తీయండి

బట్టలు కుట్టేవాళ్ల టేపు చాలు. కనుబొమలకు రెండున్నర సెంటీమీటర్ల పైన నుదుటి మీద పెట్టి, చెవుల పైనుంచి, తల వెనక ఉబ్బెత్తుగా ఉండే చోటు మీదుగా చుట్టండి. మూడుసార్లు కొలిచి, వచ్చిన వాటిలో పెద్ద అంకె రాసుకోండి. బడికి పోయేటప్పుడు జుట్టు ఎలా దువ్వుతారో అలా దువ్వాకే కొలవాలి.

నాలుగైదేళ్ల పిల్లలకు చాలామందిలో 50 సెంటీమీటర్ల అటూ ఇటూ వస్తుంది. పెద్దవాళ్ల మీడియం సైజు సాధారణంగా 58 దగ్గర ఉంటుంది. అమ్మ హెల్మెట్ పిల్లకు పెడితే ఎందుకు గిరగిరా తిరుగుతుందో ఇక్కడే అర్థమవుతుంది.

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు: యూనిఫారం కుట్టించినట్టు “ఎదిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దది తీసుకుందాం” అనుకోవడం. తల ఒళ్లు పెరిగినంత త్వరగా పెరగదు. అయిదేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య చుట్టుకొలత పెరిగేది రెండు మూడు సెంటీమీటర్లే. ఇవాళ్టి కొలతకు సరిపోయేదే కొనండి. జూన్‌లో బడి తెరిచే ముందు ఒకసారి, సంక్రాంతి సెలవుల్లో ఒకసారి మళ్లీ కొలిస్తే సరిపోతుంది.

2. కొనేటప్పుడు

నాలుగేళ్లు దాటిన పిల్లలకు బండి మీద వాడే హెల్మెట్ ఐఎస్ 4151 ప్రమాణానికి లోబడి ఉండాలి. ఐఎస్‌ఐ ముద్ర ఒక్కటే చూసి ఊరుకోకండి. ముద్ర పైన ప్రమాణం సంఖ్య, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే ఆ లైసెన్సు ఎవరిదో, ఇంకా చెల్లుతోందో లేదో కనిపిస్తుంది. 2021 జూన్ 1 నుంచి ఈ ముద్ర లేని బండి హెల్మెట్లు అమ్మడమే చట్టవిరుద్ధం. అయినా రోడ్డు పక్కన టోపీ లాంటివి దొరుకుతూనే ఉన్నాయి. తేడా తెలుసుకోవాలంటే లోపలి గుడ్డ కొంచెం పక్కకు జరిపి చూడండి. మందమైన గట్టి థర్మోకోల్ పొర కనిపించాలి. మెత్తటి స్పాంజి మాత్రమే ఉంటే వేలితో నొక్కగానే డొప్ప తగులుతుంది. అది ఎండకు పనికొస్తుంది, దెబ్బకు కాదు.

బరువు కూడా చూడండి. సైజు సరిపోయే వాటిలో తేలికైనదాన్ని ఎంచుకోండి. “మెడ పట్టేస్తుందమ్మా పసిదానికి” అని అమ్మమ్మలు అనేది ఉత్త మాట కాదు, బరువైన పెద్ద హెల్మెట్ చిన్న మెడకు నిజంగానే భారం. దానికి మందు పిల్లల సైజు హెల్మెట్, వట్టి తల కాదు.

పిల్లను కొట్టుకు తీసుకెళ్లండి. సైజు మీరు తేల్చండి, రంగు తనను తేల్చుకోనివ్వండి. ఆ గులాబీ రంగు మీకు నచ్చకపోయినా కాదనొద్దు, ఎందుకంటే రోజూ పెట్టుకోవాల్సింది తను.

3. జడలు, కమ్మలు, గుండు

తొందరలో ఎవరూ పట్టించుకోని సంగతి ఇది. ఆడపిల్లల విషయంలో గొడవ మొదలయ్యేదీ ఇక్కడే.

ఎత్తుగా కట్టిన పోనీటెయిల్, నడినెత్తిన పెట్టిన ముడి హెల్మెట్‌ను పైకి ఎత్తేస్తాయి. నుదురు బయటపడుతుంది, బెల్టు వదులవుతుంది. జుట్టు మెడ దగ్గర కిందికి కట్టండి. బడికి రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టాలంటే ఆ ముడులు చెవుల వెనకే వస్తాయి, హెల్మెట్ అంచు సరిగ్గా వాటి మీదే నొక్కుతుంది. ముడిని చెవి తమ్మెకు కిందగా కడితే చాలు. లేదంటే జడలు వదిలేసి, బడి దగ్గర దిగాక మడిచి రిబ్బను కట్టండి, రెండు నిమిషాల పని. ఫ్యాన్సీ క్లిప్పులు, గట్టి హెయిర్‌బ్యాండ్లు లోపల ఉండకూడదు. దెబ్బ తగిలితే తలలో గుచ్చుకునేవి అవే.

చెవులకు దిద్దులుంటే ఇబ్బంది లేదు. బుట్టలు, వేలాడే జూకాలు హెల్మెట్ తీసేటప్పుడు తగులుకుంటాయి. ఒక్కసారి చెవి లాగిందంటే మళ్లీ ఆ పిల్ల హెల్మెట్ దగ్గరికి రాదు. పెళ్లిళ్లకు వెళ్లేటప్పుడు వాటిని డబ్బాలో పెట్టుకుని మండపం దగ్గర పెట్టండి.

తిరుపతి వెళ్లి గుండు చేయించుకు వచ్చాక హెల్మెట్ మళ్లీ చూడాలి. ఒత్తు జుట్టు పోయేసరికి నిన్నటిదాకా బిగుతుగా ఉన్నది వదులవుతుంది. వెనక చక్రం తిప్పి బిగించే రకమైతే బిగించండి. అది లేకపోతే లోపలి మెత్తలు కాస్త మందమైనవి మార్చాలి. మంకీ క్యాప్ పెట్టి దాని మీద హెల్మెట్ తొడగడం సరికాదు, ఉన్ని జారుతుంది. చెమటకు పలచటి నూలు గుడ్డ ఒక్క పొర వాడొచ్చు.

4. తొడిగే తీరు, నాలుగు పరీక్షలు

రెండు బెల్టులను రెండు చేతులతో పక్కలకు లాగి పట్టుకోండి. అప్పుడు దారి వెడల్పవుతుంది, చెవులు మడత పడవు. నుదుటి వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి దించండి. కళ్లజోడు ఉంటే హెల్మెట్ తొడిగాక పెట్టాలి.

క్లిప్పు పెట్టేటప్పుడు మీ చూపుడు వేలు గడ్డం కింద చర్మానికీ క్లిప్పుకూ మధ్య ఉంచండి. గిచ్చుకుంటే మీ వేలు గిచ్చుకోవాలి, పసిమెడ కాదు. “టిక్” మన్నాక వేలు తీసేయండి. రెండు రింగుల రకమైతే బెల్టును రెండింటిలోంచీ దూర్చి, వెనక్కి తిప్పి, పై రింగు మీదుగా కింది రింగులోంచి లాగాలి. ఒక్క రింగులోంచే లాగితే బిగిసినట్టే కనిపిస్తుంది, కానీ జారిపోతుంది.

ఇక పరీక్షలు. మొదటిది, హెల్మెట్ నుదుటిని కప్పాలి. అంచు కనుబొమలకు ఒకటి రెండు వేళ్ల పైన ఉండాలి, నెత్తి మీదికి వాలి ఉండకూడదు. రెండోది, హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం, బుగ్గలు దాంతోపాటే కదలాలి. తల నిలిచి హెల్మెట్ ఒక్కటే తిరిగితే సైజు పెద్దది. మూడోది, బెల్టుకూ గడ్డానికీ మధ్య ఒకటి లేదా రెండు వేళ్లే దూరాలి. పిల్ల పెద్దగా నోరు తెరిస్తే హెల్మెట్ కాస్త కిందికి లాగినట్టు తెలియాలి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం, కొట్లో ఎవరూ చేయరు. బెల్టు పెట్టాక వెనక కింది అంచు పట్టుకుని నెమ్మదిగా ముందుకు ఎత్తండి. ఊడి వచ్చిందంటే ప్రమాదంలోనూ తల నేలను తాకేలోపే అది ఎగిరిపోతుంది. బెల్టు బిగించి మళ్లీ చూడండి, అప్పటికీ ఊడితే తిరిగి ఇచ్చేయండి.

పావుగంట ఉంచి తీశాక నుదుటి మీద ఒకేచోట ఎర్రగా గీత పడితే, చుట్టుకొలత సరిపోయినా ఆ హెల్మెట్ ఆకారం ఆ తలకు కుదరలేదని అర్థం. వేరే మోడల్ చూడండి. నుదురంతా సమానంగా లేతగా ఎర్రబడితే భయం లేదు.

5. మొదటి వారం బండి వద్దు

కొత్త హెల్మెట్‌ను కొన్న రోజే పెట్టి, ఎండలో అరగంట తిప్పడం వల్లే చాలామంది పిల్లలకు అది శిక్షలా అనిపిస్తుంది. మూడు రోజులు ఇంట్లోనే, ఫ్యాను కింద, రోజుకు అయిదు నిమిషాలు చాలు. అద్దం ముందు నిలబెట్టండి. క్లిప్పు పెట్టడం, తీయడం తనకే నేర్పండి. తీసుకోవడం చేతనైన పిల్లలకు ఇరుక్కుపోయామన్న భయం ఉండదు. నాలుగో రోజు నుంచి కార్టూన్ చూసేటప్పుడు పది, పదిహేను నిమిషాలు. తీసేయబోతే గదమాయించకండి, అడగండి:

“చిన్నీ, ఎక్కడ నొక్కుతోందమ్మా? వేలు పెట్టి చూపించు.”

వేలు ఎక్కడ పెట్టిందో అక్కడ చూడండి. మడిచిన చెవో, క్లిప్పో, బెల్టు కుట్టో తప్పకుండా దొరుకుతుంది. ఆరో రోజు సెంటర్ స్టాండ్ వేసిన బండి మీద కూర్చోబెట్టండి. ఏడో రోజు సందు దాకా ఒక చుట్టు. ఒక హెచ్చరిక: ఆటలో చెట్లు ఎక్కేటప్పుడు, ఉయ్యాలలు, జారుడుబండల దగ్గర హెల్మెట్ తీసేయించాలి. బెల్టు ఎక్కడైనా తగులుకుంటే మెడకు ఉరి పడే ప్రమాదం ఉంది.

ఎందుకు పెట్టుకోవాలో చెప్పడానికి మూడు కోడిగుడ్లు చాలు. ఒకటి ఉత్తదిగా, రెండోది థర్మోకోల్ ముక్కల మధ్య బిగుతుగా సర్దిన డబ్బాలో, మూడోది ఖాళీ స్టీలు డబ్బాలో వదులుగా పెట్టి నడుం ఎత్తు నుంచి వదలండి. మొదటిది పగలడం పిల్లలు ముందే ఊహిస్తారు. మూడోది కూడా పగిలినప్పుడు ఆగి ఆలోచిస్తారు. బెల్టు పెట్టుకోకపోతే ఏమవుతుందో ఇక మీరు వివరించక్కర్లేదు.

6. ఇంటి నియమం

నియమం ఒక్కటే ఉండాలి: అందరి క్లిప్పులూ పడ్డాకే తాళం తిరుగుతుంది. పాల ప్యాకెట్ కోసమైనా, గుడికైనా. “ఇవాళ్టికి పోనీలే” అని ఒక్కసారి అంటే, ఏడిస్తే సరిపోతుందని పిల్లలు నేర్చుకుంటారు. ఆ తర్వాత వారం రోజులు ఆ ఏడుపు భరించాలి. పిల్ల ఒప్పుకోకపోతే కేకలు వేయొద్దు, బండి తీయొద్దు, నడిచి వెళ్లండి. అందుకని మొదటి రెండు వారాలు ఇంటి నుంచి పది నిమిషాలు ముందే బయల్దేరండి.

నాన్న హెల్మెట్ మోచేతికి తగిలించుకుని, పిల్లాడికి మాత్రం తలకు పెడితే ఏ మాటా చెల్లదు. ఊళ్లో తాతగారి బండెక్కినా ఇదే నియమం. పెద్దాయనకు మీరు చెబితే నొచ్చుకోవచ్చు. మనవడు “తాతయ్యా, నీ హెల్మెట్ ఏదీ?” అని అడిగితే నవ్వుతూ పెట్టుకుంటారు.

“పోలీసు పట్టుకుంటాడు” అని మాత్రం చెప్పకండి. సిగ్నల్ దాటగానే తీసేయవచ్చని దానికి అర్థం. “తల పగిలి చస్తావు” అన్నదీ వద్దు, బండంటేనే వణుకు పుడుతుంది.

పదేళ్లు దాటాక అడ్డంకులు మారతాయి. జుట్టు చెదురుతుంది, స్నేహితులు నవ్వుతారు, బడిలో పెట్టుకునే చోటు లేదు. చివరిదే నిజమైన సమస్య. డిక్కీలో పట్టకపోతే బండి హెల్మెట్ హుక్కుకు తగిలించి మీరే వెనక్కి తెచ్చుకోండి, లేదా తరగతిలో ఒక అల్మరా అడగండి. నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే బడివాళ్లు కాదనరు. జుట్టుకు ఒక దువ్వెన సంచీలో వేసివ్వండి. ఇక పిల్లల చేతికే బండి ఇచ్చే ఇళ్ల సంగతి: 199ఎ సెక్షన్ కింద మైనరు నడిపితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. హెల్మెట్ ఉన్నా అది తప్పే.

7. నాలుగేళ్ల లోపు పిల్లలు

తొమ్మిది నెలలు నిండని పసిబిడ్డలను రెండు చక్రాల బండి మీద అసలు ఎక్కించొద్దు. మెడ నిలపలేని బిడ్డకు ఏ హెల్మెట్టూ సరిపోదు. ఆటోయో బస్సో మేలు.

తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల వరకు నిబంధన మూడు సంగతులు చెబుతుంది. మొదటిది, తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. ఈ వయసుకు ఏఎస్‌టీఎం 1447 (అమెరికా) లేదా ఈఎన్ 1078 (ఐరోపా) ప్రమాణం ఉన్న సైకిల్ హెల్మెట్‌నూ అనుమతించారు. అది పావు కిలోకు కాస్త అటూ ఇటూ తూగుతుంది కాబట్టి చిన్న మెడకు సుఖం. రెండోది, బిడ్డను నడిపేవాళ్లకు కట్టి ఉంచే సేఫ్టీ హార్నెస్. ఇది చేతుల్లేని జాకెట్‌లా బిడ్డకు తొడిగేది, దాని పట్టీలు నడిపేవాళ్ల భుజాలకు వస్తాయి. 30 కిలోల బరువు ఆపేలా ఉండాలి. మూడోది, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు.

హార్నెస్ అవసరం నిద్రలో తెలుస్తుంది. బండి కదిలిన పది నిమిషాలకు పసివాళ్లు తూగుతారు, చేతుల పట్టు సడలుతుంది. చున్నీతో నడుముకు కట్టుకోవడం దానికి సాటిరాదు, స్పీడ్ బ్రేకర్ దగ్గర ముడి జారుతుంది.

ముందు నిలబెట్టడం హెల్మెట్ ఉన్నా ప్రమాదమే. బ్రేకు పడితే ముఖం మీటరుకూ హ్యాండిల్‌కూ కొట్టుకుంటుంది, వెనక నుంచి నడిపేవాళ్ల బరువంతా మీద పడుతుంది. పిల్లలు ఆటగా యాక్సిలరేటర్ తిప్పడం ఇంకో ముప్పు. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు ఇంజిన్ ఆపి తీరాలి.

8. జాగ్రత్తలు, మార్చే సమయం

లోపలి మెత్తలు ఊడివచ్చేవైతే మన ఎండల్లో వారానికోసారి కొంచెం షాంపూ నీళ్లలో చేత్తో ఉతికి నీడన ఆరబెట్టండి. సగం “వద్దు”లు వాసన వల్లే. పిల్లలు ఒకరి హెల్మెట్ ఒకరు పెట్టుకుంటే పేలు పాకుతాయి, ఎవరిది వాళ్లకే ఉండాలి. డొప్పను పెట్రోలుతో, థిన్నర్‌తో తుడవొద్దు. పెయింటు కూడా వద్దు, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. పేరు రాయాలంటే లోపలి గుడ్డ మీద రాయండి.

పిల్ల తలకు దెబ్బ తగిలితే, హెల్మెట్ ఉన్నా లేకున్నా, రెండు రోజులు కనిపెట్టి ఉండాలి. వాంతులు, లేపినా లేవనంత మగత, మాట తడబడటం, మూర్ఛ, ముక్కు లేదా చెవిలోంచి పలచటి నీరు, ఒక కంటిపాప పెద్దదిగా కనిపించడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. స్పృహ లేకపోయినా, మెడ నొప్పి అంటున్నా కదిలించకుండా 108కు ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతున్నంతసేపు హెల్మెట్ లాగకండి. తీయక తప్పకపోతే ఒకరు తలనూ మెడనూ కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు బెల్టు విప్పి నెమ్మదిగా తీయాలి.

ఒక్కసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి పొర నలిగిపోయి ఉంటుంది, అది తిరిగి ఉబ్బదు. రెండోసారి కాపాడలేదు. తమ్ముడికి పనికొస్తుందని దాచకండి, పాతసామాను వాళ్లకూ అలాగే వేయకండి. ముందు గడ్డం బెల్టు కత్తిరించండి. అప్పుడే అది మరో పిల్ల తల మీదికి వెళ్లదు.